చక్రం తిప్పే ముందు బాణం ఎక్కడుందో చూడండి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కంప్యూటర్ తెర మీద పటాలను మౌస్‌తో జరపడం, పెంచడం, తగ్గించడం గురించి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలను ఒకచోట చేర్చి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఫోనులో వేళ్లతో పటం చూసే అలవాటు ఇప్పుడు ఇంటింటా ఉన్నది. అయినా పొలం హద్దులు పరిశీలించాలన్నా, పిల్లలకు భూగోళం చెప్పాలన్నా, తీర్థయాత్రకు దారి తీరికగా వేసుకోవాలన్నా పెద్ద తెరే సుఖం. అక్కడికి వచ్చేసరికి మౌస్ చేతిలో ఉన్నా పటం మాత్రం చేతికి చిక్కడం లేదన్నది ఎక్కువమంది ఫిర్యాదు. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసివేసి, ఊళ్లు మాత్రం ఉంచాము.

ప్రశ్న: అయ్యా, మా పూర్వుల ఊరు అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. దానిని గూగుల్ మ్యాప్స్‌లో చూద్దామని మౌస్ మీది చక్రం తిప్పితే నాలుగు తిప్పుల్లో ఊరు మాయమై నీలిరంగు సముద్రం మిగులుతున్నది. వెనక్కు తిప్పి మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇంకెక్కడో తేలుతున్నాను. లోపం నా చేతిలో ఉన్నదా, మౌస్‌లో ఉన్నదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మౌస్‌లో దోషమేమీ లేదు. మీరు చూస్తున్నది తెర మధ్యభాగాన్ని, పటం చూస్తున్నది మీ బాణం గుర్తు నిలిచిన చోటును. చక్రం తిప్పి పటాన్ని పెంచినప్పుడు బాణం మొన కింద ఉన్న బిందువు ఒక్కటే కదలకుండా ఉంటుంది, మిగిలిన పటమంతా దాని నుంచి నాలుగు దిక్కులకూ విచ్చుకుంటుంది. తగ్గించినప్పుడు అదే బిందువు వైపుకు ముడుచుకుంటుంది. రబ్బరు గుడ్డకు ఒకచోట మేకు కొట్టి అన్ని వైపులకూ సమానంగా సాగదీస్తే మేకు దగ్గరి చుక్క కదలదు, మేకుకు ఎంత ఎడంగా ఉన్న చుక్క అంత ఎక్కువ దూరం జరుగుతుంది. ఇక్కడ మీ బాణమే ఆ మేకు.

ఇందులో ఉన్న లెక్క మీరు తరగతిలో చెప్పినదే. ఒక్కొక్క మెట్టు పెంచినప్పుడల్లా పటం అడ్డంగానూ నిలువుగానూ రెట్టింపవుతుంది. మొదట మీ ఊరికీ బాణం మొనకూ మధ్య తెర మీద 100 పిక్సెళ్లు (తెర మీది అతిచిన్న చుక్కలు), అంటే ఇంచుమించు ఒక అంగుళం, ఎడం ఉన్నదనుకోండి. ఒక మెట్టు పెంచగానే అది 200 అవుతుంది, రెండో మెట్టుకు 400, మూడో మెట్టుకు 800, నాలుగో మెట్టుకు 1,600 అవుతుంది. చాలా ల్యాప్‌టాప్‌ల తెర వెడల్పు 1,366 పిక్సెళ్లు మాత్రమే కనుక నాలుగో మెట్టు నాటికి ఊరు తెర దాటి వెళ్లిపోయింది. ఇక మీకు సముద్రమే ఎందుకు తగిలిందో కూడా చెప్పవచ్చు. ప్రపంచమంతా ఒకే చదరంలో ఇమిడే సున్నా మెట్టు నుంచి లెక్కిస్తే, గోదావరి జిల్లాలన్నీ ఒక తెర మీద కనిపించే ఎనిమిదో మెట్టులో మన అక్షాంశాల దగ్గర ఒక పిక్సెలు నేల మీద సుమారు 586 మీటర్లు. అంటే మీరు బాణాన్ని పెట్టవలసిన చోటి నుంచి ఒక్క అంగుళం ఆగ్నేయంగా పెట్టినా అది అమలాపురానికి 58 కిలోమీటర్ల అవతల, నడి బంగాళాఖాతంలో ఉన్నట్టు లెక్క. పటం మీ ఆజ్ఞ ప్రకారం అక్కడికే తీసుకువెళ్లింది.

కాబట్టి చక్రం ముట్టుకునే ముందు బాణం మొనను ఊరి పేరు మీద కాకుండా ఊరి చుక్క మీద ఆనించండి. పేరు చుక్కకు పక్కన ముద్రించబడి ఉంటుంది, పైగా పటం పెరిగినకొద్దీ పేరు తన స్థానం మార్చుకుంటుంది, చుక్క మార్చుకోదు. తరువాత ఒకటి రెండు మెట్లు తిప్పి, పటం స్థిరపడనిచ్చి, బాణాన్ని మళ్లీ సరిచేసుకొని ముందుకు సాగండి. గబగబా తిప్పేవారికంటే ఇలా ఆగి ఆగి తిప్పేవారే ముందు చేరుకుంటారని నా అనుభవం. తెర మూలన ఉన్న + గుర్తుకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. దానిని నొక్కేటప్పుడు బాణం ఆ గుర్తు మీదనే ఉంటుంది కనుక పటం తెర నడిమధ్యను స్థిరబిందువుగా తీసుకుంటుంది. అందువల్ల + వాడేవారు ముందు ఊరిని లాగి తెర మధ్యకు తెచ్చుకోవాలి. ఈ రెండు పద్ధతులనూ ఒకదాని తరువాత ఒకటి కలగలిపి వాడడమే చాలామంది దారి తప్పడానికి కారణం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మరో పటాల సైటులో ఇంకా మంచి ఉపాయం ఒకటి ఉన్నది. షిఫ్ట్ మీటను నొక్కి పట్టి, మీ లంక చుట్టూ మౌస్‌తో ఒక పెట్టె గీయండి. మౌస్ మీట వదలగానే ఆ పెట్టెలోని ప్రాంతం తెర నిండా వస్తుంది. ఎన్ని మెట్లు, ఏది స్థిరబిందువు అన్న చింత లేదు. ఇంత సుఖమైన పద్ధతిని సైటులో ఎక్కడా కంటికి కనిపించేలా రాసి పెట్టకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ప్రశ్న: మౌస్‌తో పటాన్ని ఎడమకు లాగితే పటం ఎడమకే జరుగుతుంది. కీబోర్డులో ఎడమ బాణం మీట నొక్కితే మాత్రం పటం కుడికి జరుగుతుంది. ఒకే పటంలో ఈ వైరుధ్యం ఎందుకు?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు

జవాబు: వైరుధ్యం కాదు, రెండు వేర్వేరు ఊహలు ఒకే తెర మీద కాపురం చేస్తున్నాయి. మౌస్‌తో లాగేటప్పుడు మీరు బల్ల మీద పరిచిన కాగితాన్ని అరచేత్తో జరుపుతున్నట్టు లెక్క; కాగితం చేతితోపాటే పోవాలి. అందుకే చాలా పటాల మీద బాణం గుర్తు విచ్చిన చేయిగా మారుతుంది, మీట నొక్కగానే పిడికిలి అవుతుంది. బాణం మీట నొక్కినప్పుడు మీరు కిటికీలోంచి చూస్తున్నట్టు లెక్క. ఎడమకు చూడాలనుకున్నారు కనుక కిటికీ ఎడమకు జరిగింది, కిటికీ ఎడమకు జరిగితే బయటి దృశ్యం కుడికి జరిగినట్టే కనిపిస్తుంది. కర్నూలు నుంచి పడమరగా ఉన్న ఆదోని వైపు వెళ్లాలంటే ఎడమ మీట నొక్కాలి, లేదా మౌస్‌తో కుడికి లాగాలి.

చరిత్రలో కిటికీ ఊహే ముందు వచ్చింది. తొలి ఇంటర్నెట్ పటాలలో పటం అంచుల వెంట చిన్న చిన్న బాణాలు ఉండేవి. ఒకదానిని నొక్కితే దూరాన ఉన్న కంప్యూటరు కొత్త బొమ్మ తయారుచేసి పంపేది, పేజీ అంతా చెరిగిపోయి మళ్లీ వచ్చేది. నాలుగు వీధులు దాటడానికి నాలుగుసార్లు ఎదురుచూడవలసి వచ్చేది. 2005 ఫిబ్రవరి 8న గూగుల్ మ్యాప్స్ వెలువడినప్పుడు జనాన్ని ఆకర్షించినది అందులోని సమాచారం కంటే ఎక్కువగా, పటాన్ని పట్టుకుని లాగవచ్చునన్న సంగతే. లార్స్, జెన్స్ రాస్ముసెన్ అనే డేనిష్ సోదరులు మరి ఇద్దరితో కలిసి ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నడిపిన చిన్న సంస్థను 2004లో గూగుల్ కొనుగోలు చేసింది. వారు మొదట కంప్యూటరులో విడిగా ఎక్కించుకునే కార్యక్రమంగా తయారుచేసినదే తరువాత బ్రౌజరులోకి మారింది.

లాగడంలో ఇంకొక మెలిక ఉన్నది. లాగుతున్న వేగంలోనే మీట వదిలేస్తే క్యారమ్స్ బల్ల మీద స్ట్రైకరులాగా పటం తన ఊపున తాను కొంత దూరం జారిపోతుంది. అలా జారకూడదనుకుంటే ముందు చేతిని క్షణం ఆపి, ఆ తరువాత మీట వదలాలి. బాణం మీటలు అసలు పని చేయడం లేదని అనుకునేవారు ముందు పటం మీద ఒకసారి క్లిక్ చేసి చూడాలి. అంతవరకు ఆ మీటలు పేజీ సొత్తు, పటం సొత్తు కాదు.

ప్రశ్న: పటాన్ని వేగంగా లాగినప్పుడు బూడిదరంగు చదరాలు కనిపించి, ఒక్కొక్కటిగా నిండుతున్నాయి. మా ఇంటి ఇంటర్నెట్ లోపమా?
– ఇంటర్మీడియట్ విద్యార్థి, సిద్దిపేట

జవాబు: ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే చదరాలు ఎక్కువసేపు కనిపిస్తాయి కానీ, చదరాలు ఉండడం మాత్రం లోపం కాదు, పటం కట్టిన తీరే అది. ప్రపంచ పటాన్ని ఒక్కొక్కటి అడ్డం 256, నిలువు 256 పిక్సెళ్లు ఉండే చిన్న పలకలుగా కోసి పెట్టుకోవడం ఇంటర్నెట్ పటాలలో స్థిరపడిన పద్ధతి. సున్నా మెట్టులో ప్రపంచమంతా ఒకే పలక. ఒక మెట్టు పెరిగితే ఆ పలక నాలుగవుతుంది, ఇంకొక మెట్టుకు పదహారు. పదో మెట్టులో 10,48,576 పలకలు, వీధుల్లో ఇళ్లు విడివిడిగా కనిపించే పద్దెనిమిదో మెట్టులో 6,871 కోట్లకు పైగా పలకలు. వీటిలో మీ తెరకు సరిపడే పాతిక, ముప్పై పలకలను మాత్రమే బ్రౌజరు తెప్పించుకుంటుంది. మీరు లాగిన వేగానికి కొత్త పలకలు అందకపోతే వాటి చోటు బూడిదరంగుతో ఉంటుంది. పెంచిన వెంటనే పటం మసకగా కనిపించి తరువాత తేటపడడానికి కారణం కూడా ఇదే. కొత్త పలకలు చేరేవరకు పాత పలకనే సాగదీసి చూపిస్తారు.

ఇది తెలిసినవారు దూరాలకు పటాన్ని లాగరు. పదిహేనో మెట్టులో హైదరాబాద్ వీధులు చూస్తున్న మీరు తిరుపతి వీధులు చూడాలనుకున్నారనుకోండి. నేరుగా కొలిస్తే సుమారు 430 కిలోమీటర్లు. ఆ మెట్టులో పిక్సెలుకు 4.6 మీటర్ల చొప్పున 93 వేల పిక్సెళ్లు జరపాలి. లాగిన ప్రతిసారీ వెయ్యి పిక్సెళ్లు జరిగినా 90 సార్లకు పైగా లాగాలి, దారిలోని పలకలన్నీ వృథాగా తెప్పించుకోవాలి. అదే చక్రాన్ని వెనక్కు ఎనిమిది మెట్లు తిప్పితే ఏడో మెట్టులో రెండు నగరాలూ ఒకే తెర మీదకు వస్తాయి, వాటి మధ్య నాలుగు అంగుళాల ఎడం కూడా ఉండదు. బాణాన్ని తిరుపతి మీద పెట్టి ఎనిమిది మెట్లు ముందుకు తిప్పండి. రాజమహేంద్రవరం మాస్టారికి చెప్పిన జాగ్రత్త మీకూ వర్తిస్తుంది. నడుమ రెండు మూడుసార్లు బాణాన్ని సవరించుకోకపోతే తిరుపతికి బదులు శేషాచలం అడవులు చేరుకుంటారు.

ప్రశ్న: మా ఊరి గుడి కోసం ఒక వెబ్ పేజీ తయారుచేసి, చేరుకునే దారి చూపడానికి మధ్యలో లీఫ్‌లెట్ పటం పెట్టాను. పేజీని కిందికి జరుపుతూ చదివేవారు పటం దగ్గరికి రాగానే చిక్కుకుపోతున్నారట. పేజీ ఆగిపోయి, పటం ప్రపంచమంత చిన్నదైపోతున్నదట. పటం తీసివేయడమే మార్గమా?
– బి.టెక్. విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పటం తీయనక్కరలేదమ్మా. ఒకే చక్రానికి రెండు ఉద్యోగాలు అప్పగించడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. పేజీని జరపడం, పటాన్ని పెంచి తగ్గించడం రెండూ చక్రమే చేయాలి. ఏది చేయాలో బాణం ఎక్కడున్నదన్న దానిని బట్టి తేలుతుంది. చదివేవారి బాణం మాత్రం వారు కదిలించకుండానే పటం మీదికి వస్తుంది, ఎందుకంటే పేజీయే కదిలి పటాన్ని బాణం కిందికి తెచ్చింది. చదువరి దృష్టిలో తాను చేస్తున్న పని మారలేదు, కంప్యూటరు దృష్టిలో మారిపోయింది.

దీనికి గూగుల్ ఎంచుకున్న పరిష్కారం మీరు చూసే ఉంటారు. ఇతరుల పేజీలలో పొదిగిన పటం మీద చక్రం తిప్పితే పటం పెరగదు, పేజీయే జరుగుతుంది. పటం పెంచాలంటే కంట్రోల్ మీట నొక్కి చక్రం తిప్పమని ఒక సూచన పటం మీద మెరుస్తుంది. ఫోనులో అయితే రెండు వేళ్లు వాడమంటుంది. ఆ సూచన పదే పదే కనిపించడం విసుగు పుట్టిస్తుందన్న మాట నిజమే, అయినా పేజీ చిక్కుకుపోవడం కంటే మేలు. ఇందులో ఒక చిన్న ప్రమాదం ఉన్నది. బాణం పటం బయట ఉండగా కంట్రోల్ నొక్కి చక్రం తిప్పితే బ్రౌజరు పేజీ మొత్తాన్ని, అక్షరాలతో సహా పెంచేస్తుంది. అలా జరిగితే కంట్రోల్‌తోపాటు సున్నా నొక్కితే పేజీ మామూలు స్థితికి వస్తుంది. ఈ సంగతి మీ పేజీలోనే ఒక వాక్యంగా రాయవచ్చు.

లీఫ్‌లెట్ 2011లో ఉక్రెయిన్‌కు చెందిన వొలొదిమిర్ అగాఫొన్కిన్ విడుదల చేసిన, వెబ్ పేజీలలో పటాలు పెట్టడానికి వాడే ఉచిత కోడ్ లైబ్రరీ. అందులో పటాన్ని సృష్టించేటప్పుడే స్క్రోల్‌వీల్‌జూమ్ అనే ఐచ్ఛికాన్ని ఫాల్స్ అని పెడితే చక్రం పేజీకే దక్కుతుంది, మూలన + − గుర్తులు ఎలాగూ ఉంటాయి. మీ అవసరానికి నేను సూచించేది ఒక అడుగు ముందుది: మొదట చక్రాన్ని ఆపి ఉంచి, చదువరి పటం మీద క్లిక్ చేసినప్పుడు దానిని పనిలో పెట్టి, బాణం పటం దాటి బయటకు పోగానే మళ్లీ ఆపండి. కోరి వచ్చినవారికి పటం, దాటిపోయేవారికి దారి. అదే ఐచ్ఛికానికి ఫాల్స్ బదులు సెంటర్ అన్న మాట ఇస్తే బాణం ఎక్కడున్నా పటం తన నడిమధ్య నుంచే పెరుగుతుంది. గుడి గుర్తు మధ్యలో ఉన్నంతవరకు ఎవరు ఎలా తిప్పినా గుడి తెర దాటి పోదు. ఒకే ఒక్క స్థలాన్ని చూపించే చిన్న పటాలకు ఇది చక్కగా నప్పుతుంది. ఊళ్లు వెతుక్కునే పెద్ద పటాలకు మాత్రం దీనిని పెట్టకండి, బాణంతో గురి చూసే అలవాటున్నవారు తిట్టుకుంటారు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు కొంచెం జరిపితే చాలు, భారతదేశం నుంచి ఏకంగా ఎవరి పెరట్లోకో వెళ్లిపోతున్నాను. పైగా వేళ్లు పైకి జరిపితే నా కంప్యూటరులో పటం పెరుగుతుంది, మా వారి మ్యాక్‌లో తగ్గుతుంది. ఖమ్మం జిల్లాలోని మా పుట్టింటిని పిల్లలకు చూపించబోయి నవ్వులపాలయ్యాను.
– గృహిణి, డల్లాస్

జవాబు: పటాల కార్యక్రమాలు చాలావరకు పళ్ల చక్రం ఉన్న మౌస్‌ను మనసులో పెట్టుకొని రాసినవి. 1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ వచ్చిన తరువాత మౌస్‌కు చక్రం ఉండడం ఇంటింటి సంగతి అయింది. ఆ చక్రం తిరిగేటప్పుడు వేలికి టిక్కు టిక్కుమని తగిలే ఒక్కొక్క పన్నునూ విండోస్ 120 అనే అంకెగా లెక్కిస్తుంది. ఒక పన్ను తిరిగింది అంటే ఇంత పెంచాలి అని పటానికి తేలికగా అర్థమవుతుంది. టచ్‌ప్యాడ్‌కు పళ్లు లేవు. మీ వేళ్లు అంగుళం జరిగేలోపు అది చిన్న చిన్న అంకెలను పదుల సంఖ్యలో కురిపిస్తుంది, వేళ్లు ఎత్తిన తరువాత కూడా ఊపు తగ్గేవరకు కురిపిస్తూనే ఉంటుంది. లీఫ్‌లెట్ వంటివి ఆ అంకెలను సెకనులో 25వ వంతు సేపు పోగుచేసి, మొత్తాన్ని బట్టి మెట్లు నిర్ణయించి కొంత అదుపు చేస్తాయి. అలా పోగుచేయని పటాలలో ప్రతి చినుకూ ఒక మెట్టే. మీరు పెరట్లో పడింది అందువల్లనే.

పటం పెంచడానికి రెండు వేళ్లను పైకీ కిందికీ జరపడం మాని, ఫోను మీద చేసినట్టే వేళ్లను ఎడం చేసి, దగ్గర చేసి చూడండి. బ్రౌజరు ఆ కదలికను కంట్రోల్ మీట నొక్కి చక్రం తిప్పినట్టుగా పటానికి అందజేస్తుంది, అంకెలు కూడా మితంగా ఉంటాయి కనుక పటం మీ వేళ్ల అదుపులో ఉంటుంది. ఇక్కడ కూడా స్థిరబిందువు బాణమే. ఫోనులో వేళ్లు పెట్టిన చోటే పెరుగుతుంది, టచ్‌ప్యాడ్‌లో వేళ్లు ఎక్కడ పెట్టారన్నది పటానికి తెలియదు. పటం ఆగకుండా పెరుగుతూ పోతుంటే టచ్‌ప్యాడ్ మీద వేలు మళ్లీ ఆనిస్తే ఊపు ఆగిపోతుంది.

ఇక మ్యాక్ సంగతి. 2011లో వచ్చిన లయన్ అనే మ్యాక్ వ్యవస్థ నుంచి యాపిల్ జరిపే దిశను తిరగేసింది. వేలు ఎటు జరిగితే పేజీలోని విషయం అటే జరగాలన్నది వారి వాదం. పేజీలకు ఆ వాదం సొంపుగానే ఉంటుంది. పటం పెంచడానికీ తగ్గించడానికీ పైకి, కిందికి అన్న దిశలతో సంబంధం లేదు కనుక ఆ తిరగేత అక్కడ గజిబిజిగా మిగిలింది. మీ వారి మ్యాక్‌లో దీనిని మార్చుకోవచ్చు కానీ, మార్చితే ఆయనకు అన్ని పేజీలూ తలకిందులుగా నడుస్తాయి. పిల్లల ముందు పుట్టింటిని చూపించాల్సిన రోజున ఒక మామూలు మౌస్ తగిలించుకోవడమే సంసారపక్షం.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాన్ని ఎంత వీలైతే అంత పెంచి, మౌస్‌తో మా పొలం గట్టు వెంట కొలత తీశాను. పక్క రైతు గట్టు జరిపాడని తేలింది. ఈ కొలతతో ఆయనను నిలదీయవచ్చునా?
– రైతు, గుంటూరు జిల్లా

జవాబు: నిలదీయవద్దని నా సలహా, ఎందుకో లెక్కతో చెబుతాను. మన అక్షాంశాల దగ్గర పద్దెనిమిదో మెట్టులో ఒక పిక్సెలు నేల మీద సుమారు 57 సెంటీమీటర్లు. ఒక సెంటు నేలను చదరంగా గీస్తే దాని భుజం ఆరు మీటర్ల పైచిలుకు, అంటే తెర మీద 11 పిక్సెళ్లే. ఎంత నిలకడైన చేయి అయినా మౌస్‌తో గట్టు మీద చుక్క పెట్టడంలో రెండు పిక్సెళ్లు అటూ ఇటూ కావడం సహజం. వంద మీటర్ల పొడవున్న గట్టు మొత్తం రెండు పిక్సెళ్లు పక్కకు గీశారనుకుంటే తేడా 114 చదరపు మీటర్లు, అంటే దాదాపు మూడు సెంట్లు. తగవుకు సరిపోయేంత నేల కేవలం మౌస్ వణుకులోనే పుడుతుంది.

ఇంకా పెంచితే ఖచ్చితత్వం వస్తుందనుకోవడం పొరపాటు. చిత్రంలో ఉన్న వివరం ఒకానొక మెట్టు దగ్గర అయిపోతుంది. ఆ పైన పటం అదే బొమ్మను సాగదీస్తుంది, గట్టు వెడల్పుగా కనిపిస్తుంది కానీ గట్టు గురించి కొత్తగా ఏమీ తెలియదు. పైగా ఉపగ్రహ చిత్రాన్ని భూమి మీద సరిగ్గా కూర్చడంలోనే కొన్ని మీటర్ల తేడా ఉండే అవకాశం ఉన్నది. పొలం మొత్తం ఒకే వైపుకు జరిగి కనిపిస్తే పక్కవారి గట్టు తప్పు కాదు, చిత్రం కూర్పు తప్పు. ఒకే స్థలాన్ని గూగుల్‌లోనూ, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009 నుంచి నడుపుతున్న ఇస్రో వారి భువన్‌లోనూ పక్కపక్కన తెరిచి, ఒకే కరెంటు స్తంభం లేదా బావి ఎక్కడెక్కడ పడిందో చూడండి. ఆ తేడా కంటే చిన్నదైన దేనినీ మౌస్‌తో తేల్చలేము.

పటం మీద కొలత పనికిరాదని కాదు. నారు ఎంత కావాలో, కంచెకు తీగ సుమారు ఎంత పడుతుందో అంచనా వేసుకోవడానికి అది బాగా పనికివస్తుంది. హద్దు తేల్చవలసినది మాత్రం ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పట్టుకుని నేల మీద నిలబడే సర్వేయరు.

ప్రశ్న: కుడి మీట పట్టుకుని లాగితే పటం మొత్తం వాలిపోయి, తిరుమల కింద తిరుపతి ఉండవలసింది పైన ఉన్నది. ఎలా సరిచేయాలి?
– దుకాణదారు, తిరుపతి

జవాబు: కొత్త తరహా పటాలు చాలావాటిలో కుడి మీటతో గానీ, కంట్రోల్ నొక్కి ఎడమ మీటతో గానీ లాగితే పటం తిరుగుతుంది, వాలుతుంది. తెర మూలన ఉన్న దిక్సూచి గుర్తును ఒకసారి నొక్కితే ఉత్తరం మళ్లీ పైకి వస్తుంది. కంప్యూటరులో ఎక్కించుకున్న గూగుల్ ఎర్త్ ప్రోలో ఎన్ అక్షరం ఉత్తరాన్ని సరిచేస్తుంది, ఆర్ అక్షరం వాలును కూడా తీసివేస్తుంది. దిక్సూచి గుర్తు కనిపించకపోతే పేజీని మూసి మళ్లీ తెరవడమే శీఘ్రమార్గం.

ప్రశ్న: పటాన్ని ఎడమకు లాగుతూ పోతే మళ్లీ హైదరాబాదే వచ్చింది. కిందికి లాగుతూ పోతే మాత్రం ఉత్తర ధ్రువం రాకుండానే ఆగిపోయింది. ఎందుకండీ?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, నీవు ఎడమకు లాగినకొద్దీ తూర్పుకు ప్రయాణించావు. బర్మా, పసిఫిక్ సముద్రం, అమెరికా, ఆఫ్రికా దాటి బయలుదేరిన చోటికే వచ్చావు. భూమి గుండ్రం కనుక పటం పలకలను మళ్లీ మొదటి నుంచి పేర్చింది. ఉత్తరానికి అలా వీలుకాదు. ఈ పటాలు 1569లో గెరార్డస్ మెర్కేటర్ రూపొందించిన పద్ధతిని అనుసరిస్తాయి. అందులో ధ్రువం వైపు పోయినకొద్దీ పటం సాగుతూ, ధ్రువం దగ్గర అనంతమైపోతుంది. అనంతమైన పటాన్ని గీయలేరు కనుక పటం చదరంగా వచ్చే చోట, అంటే 85 డిగ్రీల అక్షాంశం దాటగానే కోసేశారు. గ్రీన్‌లాండ్ అంత పెద్దదిగా కనిపించడానికి కూడా ఆ సాగుడే కారణం. భూగోళం లాగా గుండ్రంగా తిరిగే పటాలలో, ఉదాహరణకు గూగుల్ ఎర్త్‌లో, ధ్రువం దాకా వెళ్లవచ్చు. అక్కడ చూసి రా.

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. చేతి వణుకు వల్ల మౌస్ మీటను నొక్కి పట్టి లాగలేకపోతున్నాను, మధ్యలో జారిపోతున్నది. అమెరికాలో మా అమ్మాయి ఉండే వీధిని రోజూ చూసుకోవాలని నా ఆశ. నాబోటివారికి దారి ఉన్నదా?
– గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, మీరు లాగవలసిన అవసరమే లేదు. ముందుగా వెతికే పెట్టెలో మీ అమ్మాయి చిరునామా రాసి ఎంటర్ నొక్కండి; పటం తానే ఆ వీధిని తెర మధ్యకు తెస్తుంది. మధ్యలో ఉన్నది కనుక ఇక + గుర్తును ఒక్కొక్కసారి నొక్కితే వీధి ఎక్కడికీ పోకుండా దగ్గరవుతుంది. పక్క వీధి చూడాలంటే పటం మీద ఒకసారి క్లిక్ చేసి కీబోర్డులోని నాలుగు బాణం మీటలు వాడండి. పెంచడానికీ తగ్గించడానికీ కీబోర్డులోని + − మీటలు కూడా పనిచేస్తాయి. మౌస్‌ను అసలు ముట్టుకోనవసరం లేదు.

మౌస్‌తోనే చేయాలని ఉంటే విండోస్‌లో మౌస్ అమరికలలో క్లిక్‌లాక్ అనే సదుపాయం ఉన్నది, ఇంట్లో ఎవరినైనా అడిగి దానిని పెట్టించుకోండి. మీటను క్షణకాలం నొక్కి వదిలేస్తే అది నొక్కి పట్టినట్టే ఉండిపోతుంది; చేతిని తీరికగా జరిపి, మళ్లీ ఒకసారి నొక్కితే విడిపోతుంది. మీ ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే ప్రపంచ సంస్థ డబ్ల్యూ3సీ 2023 అక్టోబరులో వెలువరించిన సౌలభ్య మార్గదర్శకాలలో, లాగడంతో జరిగే పనికి లాగకుండా చేయగల మరొక మార్గం కూడా ఉండాలని చేర్చింది. పటాలు తయారుచేసేవారు, హనుమకొండ విద్యార్థినితో సహా, మూలనున్న + − గుర్తులను అందం కోసం దాచివేయకుండా ఉంటే మీకు ఆ మేలు అందుతుంది.

అమ్మాయి వీధి తెర మీద ఉండగా ఆ పేజీని బ్రౌజరులో నక్షత్రం గుర్తు నొక్కి భద్రపరచుకోండి. స్థలమూ మెట్టూ రెండూ పేజీ చిరునామాలోనే నమోదై ఉంటాయి కనుక రేపు ఉదయం దానిని తెరిస్తే పటం నేరుగా ఆ వీధిలోనే తెరుచుకుంటుంది.